హంసదౌత్యము నుండి చేతిఫోను వఱకు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు పఠింపబడిన ఉపన్యాసము)



గ్రంథాలయోత్సవములలో విద్యామహిమను గూర్చియు, పుస్తకపఠనము వలని ప్రయోజనమును గూర్చియు ఉపన్యాసములు జరుగుట పరిపాటి. వలపును గూర్చి ప్రసంగము జరుగుట అరుదు. ఈ విషయము ఈ వేదికకు తగునా యని పెద్దలు కొందఱు శంకింపవచ్చును. కాని ఇచటి బీరువాలలో ఏ కావ్యమును చేతికి తీసినను అందు ఎడబాసిన స్త్రీపురుషుల కథయే ముందుగా కానవచ్చును. ఆ కథను పుస్తకమున చదివి ఆనందించి, ఇంటిలోని పిల్లలయందు అదియే కలిగినప్పుడు కన్నులు మూసికొనుట విజ్ఞుల లక్షణము కాదు. కావున ఈ విషయము ఇచట విచారింపదగినదే.

విచారణీయమైన ప్రశ్న యొక్కటి. ఎడముగా నున్న ఇరువురి నడుమ మాటను మోయు సాధనము మారినప్పుడెల్ల, వారి అనురాగపు నడవడి ఏ విధముగా మారినది? పూర్వము హంస మోసినది, బ్రాహ్మణుడు మోసెను, వానరుడు మోసెను. తరువాత తపాలా జవాను మోసెను. నేడు అరచేతిలోని యంత్రము మోయుచున్నది. మోయు వేగము వేయిరెట్లు పెరిగినది. దానితోపాటు పెరిగిన దేమి, తరిగిన దేమి? జమ యెంత, ఖర్చెంత? ఉభయమును పక్షపాతము లేక వ్రాసి చూచినగాని నిల్వ తేలదు.

పూర్వకవుల దూతలు

తెలుగువారికి దౌత్యమనగానే జ్ఞప్తికి వచ్చునది నలదమయంతుల హంస. శ్రీహర్షుని సంస్కృత కావ్యమును శ్రీనాథుడు శృంగారనైషధముగా తెనిగించి, ఆ హంసను తెలుగు లోగిళ్లకు తెచ్చెను. ఆ పక్షి కేవలము కబురు మోసి యూరకుండలేదు. దమయంతిని చెలికత్తెలనుండి దూరముగా కొనిపోయి, ఏకాంతమున మాటలాడి, ఆమె మనస్సు నిజముగా నలునియందే నిలిచినదా యని పరీక్షించి, ఆమె నోట నిశ్చయము విన్న పిదపనే ఎగిరిపోయినది.

ఆ కథలోనే మఱొక దూత కలడు. అతడు నలుడే. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు దమయంతిని కోరి, తమ కోరికను ఆమెకు తెలుపుమని నలునే నియోగించిరి. తాను వలచిన కన్యయొద్దకు పరుల తరపున పోవలసివచ్చినను, నలుడు తన స్వార్థమును ప్రక్కకు నెట్టి, ఒప్పుకొన్న మాటను ఉన్నదున్నట్లు వినిపించెను. మాట మోయువానికి తన లాభము అడ్డురాకూడదని ఆ ఘట్టము బోధించుచున్నది.

భాగవతమున రుక్మిణి అగ్నిద్యోతనుడను బ్రాహ్మణుని ద్వారకకు పంపినది. అన్న రుక్మి ఆమెను శిశుపాలునకు ఇచ్చుటకు నిశ్చయించియుండెను, పెండ్లిదినము దగ్గరపడినది. ఆమె సందేశమున వలపు మాత్రమే లేదు. వివాహమునకు ముందు తాను ఏ గుడికి పోవునో, ఎచట నుండి తన్ను కొనిపోవలెనో ఆ వివరము కూడ కలదు. బ్రాహ్మణుడు తిరిగి వచ్చువఱకు ఆమె పడిన శంకలను పోతన యెంత దయతో చిత్రించెనో చదివినవారెఱుగుదురు. అతడు దారిలో చిక్కుకొనెనా, కృష్ణుడు విని తప్పుగా తలచెనా, దైవ మనుకూలింపలేదా యని ఆమె మనస్సు పరిపరివిధముల పోయినది.

ఇక రామాయణమున హనుమంతుడు. అశోకవనమున సీతను చూచినంతనే అతడు ముందునకు దుమికి మాటలాడలేదు. ఏ భాషలో పలుకవలెనని ఆలోచించెను. పండితునివలె సంస్కృతమున పలికినచో ఈమె తన్ను రావణుడని భ్రమించి భయపడునని తలచెను. చెట్టుమీదనుండియే రామకథను మెల్లగా వినిపించెను. అయినను సీత శంకించినది. మాయావేషమున వచ్చిన రావణుడేమో యని అనుమానించి, రామలక్ష్మణుల దేహలక్షణములను చెప్పుమని అడిగినది. హనుమంతుడు దానికి కోపింపలేదు. ఓర్పుతో అన్నియు వర్ణించి, ఆ పిదప ఉంగరమును ఇచ్చెను. తిరిగి పోవునప్పుడు సీత చూడామణిని ఇచ్చినది. తనకును రామునకును మాత్రమే తెలిసిన కాకి కథను గుర్తుగా చెప్పినది. ఇట్లు ఇరువైపుల సాక్ష్యము కుదిరిన తరువాతనే ఆ దౌత్యము పూర్తియైనది.

కాళిదాసుని మేఘసందేశమున మాత్రము దూతకు ప్రాణము లేదు. పొగయు, వెలుగును, నీరును, గాలియు కలిసిన మేఘము మాటనెట్లు మోయునని కవియే ప్రశ్నించి, విరహార్తునకు చేతనాచేతన వివేకము ఉండదని తానే సమాధానము చెప్పెను. నేటి యంత్రము ఆ మేఘమునకు చుట్టము. ప్రాణము లేని దూత మోయజాలదన్న కవి సందేహము తీరినది. కాని ప్రాణము లేని దూతను నమ్మి నడచువాని స్థితి యేమన్న ప్రశ్న మిగిలియేయున్నది.

ధర్మశాస్త్రములు దూతకు అనురక్తి, శుచిత్వము, దక్షత, జ్ఞాపకశక్తి, దేశకాలజ్ఞానము, నిర్భయత, వాక్చాతుర్యము మున్నగు గుణములు విధించినవి. పై కథలనుండి నాలుగింటిని ఏరుకొనవచ్చును. మొదటిది, ఏ మాట పలుకవలెనో తెలిసిన వివేకము. రెండవది, రహస్యమును కాపాడుట. మూడవది, సమయమెఱిగి నడచుట. నాలుగవది, తాను ఎవరి తరపున వచ్చెనో ఋజువు చూపుట. ఈ నాలుగు గుణములు హంసకు ఉండెను, హనుమంతునకు ఉండెను. యంత్రమునకు ఉన్నది వేగ మొక్కటే. తక్కిన గుణములు ఎవరియందు ఉండవలెనన్నదే ఈ ప్రసంగపు సారము.

ఉత్తరముల కాలము

ఉత్తరము ప్రాచీనమే. కాళిదాసుని శకుంతల తామరాకుపై గోటితో వ్రాసినది ప్రేమలేఖయే. కాని సామాన్యునకు ఉత్తరము దక్కినది తపాలా వ్యవస్థ ఏర్పడిన పిమ్మట. 1854లో దేశమంతటికిని వర్తించు తపాలాబిళ్లలు వచ్చినవి. తేలికపాటి ఉత్తరము దూరముతో నిమిత్తము లేక అర్ధణాకే చేరుట ఆరంభమైనది. 1879లో కాలణా కార్డు వచ్చినది. 1950లో మడచి అంటించు ఇన్‌లాండు ఉత్తరము వచ్చినది.

కార్డు చౌక; కాని దానికి తలుపు లేదు. తపాలా జవాను మొదలు ఇంటి ముంగిటి చుట్టము వఱకు అందఱును చదువదగినది. పైగా ఉత్తరము చేరిన యింటిలో దానిని అందుకొనవలసిన ఇల్లాలికి చదువు రాదు. 1951 జనాభా లెక్కల నాటికి దేశమున చదువ నేర్చిన స్త్రీలు నూటికి తొమ్మండుగురు కూడ లేరు. రంగూనునకో, రైలు కొలువునకో పోయిన మగడు ఉత్తరము వ్రాసినచో, దానిని మామగారి యెదుట అరుగుమీద బడిపంతులు చదువవలెను. కోడలు తలుపుచాటున నిలిచి వినవలెను. ఈ సంగతి వ్రాయువానికి తెలియును. కావున ఉత్తరము ఉభయకుశలోపరితో ఆరంభమై, పెద్దలకు నమస్కారములతోను, పశువులను, పంటలను గూర్చిన ప్రశ్నలతోను నిండి, చివర ఇంట అందఱును క్షేమమని తలంచుచున్నానన్న వాక్యముతో ముగియును. ఆ 'అందఱు' అన్న మాటలోనే భార్య తన పాలు వెదకికొనవలెను. తిరుగు జాబు కూడ ఇతరులచే వ్రాయింపవలసినదే. నలుగురి నోటిమీదుగా నడచిన ఆ సందేశములలో దాంపత్యము ఉన్నది కాని ఏకాంతము లేదు.

ఈ స్థితిని మార్చినది తపాలాశాఖ కాదు, అక్షరము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాలను స్థాపించిరి. గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' కథ 1910లో వెలువడినది. అందు రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరిన మగనికి భార్య కమలిని కానరాదు. ఆమె వ్రాసిపెట్టిన ఉత్తరము కానవచ్చును. చదువు నేర్చిన భార్య చేతివ్రాతయే మగని నడవడిని దిద్దు సాధనమైనది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ సమకూడినది. గ్రంథాలయోద్యమము ప్రజలకు జ్ఞానమిచ్చినదని అందఱు చెప్పుదురు. అది తెలుగు ఇల్లాలికి తన మగని ఉత్తరమును తానే విప్పి, తానే చదివికొని, తానే దాచుకొను భాగ్యమును కూడ ఇచ్చినదని చెప్పువారు తక్కువ. అందుచే వలపు చరిత్రలో మొదటి గొప్ప యంత్రము పలకాబలపమే.

తీగల మీద మాట

తంతి 1855లో ప్రజల వాడుకకు తెఱువబడినది. మాటకు ఇంతయని రుసుము గనుక తంతిలో అనురాగమునకు చోటు లేదు. పల్లెలలో తంతి వచ్చినదనిన గుండె జారెడిది. చావు కబురేమోనని విప్పుటకు చేయి వణకెడిది. పెండ్లిండ్లకు మాత్రము తపాలా కార్యాలయమున సిద్ధవాక్యముల పట్టిక యుండెను. అంకె చెప్పినచో చాలును, ఆశీర్వచనము తానే పోవును. నేడు ఫోనులో బొమ్మ నొక్కి ప్రేమను తెలుపువారిని చూచి నవ్వు పెద్దలు, ఆ అంకెల ఆశీర్వచనములను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. తంతిసేవ 2013 జూలైలో ముగిసినది.

డెబ్బదవ దశకము నుండి తెలుగువారు గల్ఫు దేశములకు పోవుట హెచ్చినది. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములనుండి పురుషులు దుబాయికిని, సౌదీకిని పోయిరి. కడప, గోదావరి సీమలనుండి స్త్రీలు కువైటునకు ఇంటిపనికై పోయిరి. కావున ఎదురుచూచువారిలో భార్యలే కాదు, భర్తలును ఉండిరి. వారికి ఉత్తరము కంటె క్యాసెట్టు ప్రియమైనది. ఒక ప్రక్క ముప్పది నిమిషములు, రెండవ ప్రక్క ముప్పది నిమిషములు మాటలాడి, ఊరికి పోవువానిచేత పంపెడివారు. చదువు రానివారికి తమవారి కంఠమే నేరుగా వినవచ్చినది. ఎంత ఉపకారము! అయినను టేపురికార్డరు ఇంటి నడుమ నుండుటచే ఆ మాటలును అందఱి చెవులబడవలసినవే.

నేరుగా నంబరు త్రిప్పి దూరపు ఊరితో మాటలాడు ఎస్‌టీడీ పద్ధతి 1960లో కాన్పూరు, లక్నో నగరముల నడుమ మొదలైనది. 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ గ్రామములలోని ఎండకును దుమ్మునకును తట్టుకొను చిన్న ఎక్స్ఛేంజీలను రూపొందించినది. పిదప ప్రతి కూడలియందును పసుపురంగు బోర్డుల ఎస్‌టీడీ బూతులు వెలసినవి. అద్దాల గదిలో ఎఱ్ఱని అంకెలు పరుగెత్తుచుండగా, వెనుక నలుగురు కాచుకొనియుండగా, రాత్రి రుసుము తగ్గువేళ కొఱకు వేచి వచ్చిన దంపతులు మాటలాడిరి. ఆ మాటలలో సగము 'వినబడుచున్నదా' యన్న ప్రశ్నయే. అయినను బూతు వెలుపలికి వచ్చిన ముఖమున వారము దినములకు సరిపడు వెలుగు ఉండెడిది.

అరచేతి యంత్రము

1995 జూలై 31వ తేదీన కలకత్తానుండి ఢిల్లీకి దేశమున మొదటి సెల్‌ఫోను సంభాషణ జరిగినది. ఆరంభమున అది ధనికుల వస్తువు. 2003 వఱకు వచ్చిన పిలుపునకు కూడ రుసుము చెల్లింపవలసియుండెను. పేదవాడు దానికొక ఉపాయము కనిపెట్టెను. పిలిచి, ఎత్తకమునుపే ఆపివేయుటకు 'మిస్డ్ కాల్' అని పేరు వచ్చినది. ఒకసారి మ్రోగిన చేరితిననియు, రెండుసార్లు మ్రోగిన తలచుకొనుచున్నాననియు ఒడంబడికలు ఏర్పడినవి. కాణి ఖర్చు లేక వలపు తెలుపు విద్య అది. పిదప 2016లో డేటా ధరలు ఒక్కసారిగా పడిపోవుటచే, కూలివాని చేతిలోని ఫోనులో కూడ బొమ్మతోకూడిన మాట ప్రత్యక్షమైనది. వాట్సాపు పిలుపులకు ఆటంకమున్న గల్ఫు దేశములలో ఐమో వంటి సాధనములు వాడుకలోనికి వచ్చినవి.

దీనివలన కలిగిన మేలును ముందుగా జమకట్టవలెను. కువైటులోని తల్లి ఇచటి బిడ్డ మొదటి అడుగులను చూడగలిగినది. దుబాయిలోని మగడు భార్యతో పండుగనాడు ఎదురెదురుగా మాటలాడగలిగెను. ఉత్తరమున 'అందఱు' అన్న మాటలో కలిసిపోయిన ఇల్లాలికి తన పేరుతో పిలుపు వచ్చినది. పూర్వము పెండ్లిచూపులలో తల వంచిన కన్యకు వరుని పాదములు తప్ప కానరాలేదు. నేడు నిశ్చయమైన వధూవరులు పెండ్లికి ముందే ఒకరి స్వభావమును ఒకరు తెలిసికొనుచున్నారు. ఇష్టములేని పెండ్లి తలపై పడినప్పుడు, రుక్మిణికి బ్రాహ్మణుడు దొరకినట్లు, నేటి కన్యకు సహాయము కోరుటకు ఒక మార్గము దొరకినది. ఇది చిన్న మేలు కాదు.

ఖర్చు ప్రక్క వ్రాయవలసినవి దూతగుణముల లోపమునుండియే పుట్టినవి. వానిని వరుసగా చూడదగును.

మొదటిది వివేకము. రాత్రి కోపమున వ్రాసిన ఉత్తరమును తెల్లవారి చించివేయుటకు అవకాశముండెను; తపాలాపెట్టె వీథి చివర నుండుట కూడ ఒక రక్షణయే. ఫోనున కోపమునకును పంపుటకును నడుమ ఎడము లేదు. పంపిన మాటను తుడిచివేయు సదుపాయమును వాట్సాపు 2017లో చేర్చినది. కాని చదివినవారి మనస్సునుండి తుడుచు మీట ఇంకను రాలేదు.

రెండవది రహస్యము. 2016 నుండి వాట్సాపు సందేశములకు ఇరువురికి తప్ప నడుమనున్నవారికి తెలియని తాళము ఏర్పడినది. తాళము గట్టిదే. రహస్యము బయటపడుచున్నది త్రోవలో కాదు, చేరినచోటనే. వలచిననాడు నమ్మి పంపిన బొమ్మను, అలిగిననాడు పదుగురికి చూపువాడు దూతధర్మమునే కాదు, మనుష్యధర్మమునే విడిచినవాడు. అంగీకారము లేక ఒకరి గోప్యదేహచిత్రమును తీయుటయు, పంచుటయు సమాచార సాంకేతిక చట్టము 66ఇ విభాగము క్రింద నేరము. మూడేండ్ల వఱకు కారాగారము, రెండు లక్షల రూపాయల వఱకు జరిమానా కలదు. ఈ సంగతి యువకులందఱును తెలిసియుండవలెను. బాధితురాలు సిగ్గుపడవలసినది లేదనియు తెలిసియుండవలెను.

మూడవది సమయజ్ఞానము. రుక్మిణి శంకలకు మూలము ఆమెకు ఏమియు తెలియకపోవుట. నేటి ప్రేమికుల శంకలకు మూలము సగము తెలియుట. 2014లో వాట్సాపున నీలిగుర్తులు వచ్చినవి. సందేశము చదువబడినదని తెలియును. ఏల బదులు రాలేదో తెలియదు. కువైటు కాలమానము ఇచటికంటె రెండున్నర గంటలు వెనుక. ఇచట భోజనమైన వేళ అచట పని ముగియదు. యజమాని పిలిచెనా, బస్సు ఎక్కెనా, కన్ను మూసెనా యని తలపక, 'చూచియు పలుకలేదు' అన్న నేరము మోపబడును. ఆ పిదప ఎప్పుడు నిద్రించితివి, ఎవరితో మాటలాడితివి, ఫోను తెఱచు రహస్యపదము చెప్పుము అన్నంత వఱకు పోవును. రహస్యపదమును అప్పగించుటయే ప్రేమకు పరీక్షయని కొందఱు తలచుచున్నారు. అది ప్రేమ కాదు, కావలి. స్త్రీ యొక్క అంతర్జాల వాడుకపై నిఘా పెట్టుట 2013 నుండి చట్టమున వెంటాడు నేరములో చేరినది. 2024లో అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత 78వ విభాగమునందును అదియే నిలిచినది.

నాలుగవది సాక్ష్యము. స్వయంవరమున నలుగురు దేవతలు నలుని రూపము దాల్చిరి. దమయంతి యెదుట ఐదుగురు నలులు నిలిచిరి. ఱెప్పవేయుట, చెమర్చుట, నేల నంటుట, పూలమాల వాడుట అను గుర్తులచే ఆమె మానవుని పోల్చుకొన్నది. నేడు పెండ్లిసంబంధముల వెబ్‌సైట్లలో మాయానలులకు కొదువ లేదు. విదేశమున వైద్యుడనని పరిచయమై, నెలల తరబడి తీయగా మాటలాడి, విలువైన కానుక పంపితిననియు, అది సుంకపు కార్యాలయమున చిక్కినదనియు, విడిపించుటకు సొమ్ము కట్టుమనియు అడుగుట వారి వాడుక. సొమ్ము చేరిన పిదప మనిషి మాయమగును. చెమర్చని ముఖమును, నేల నంటని పాదమును పోల్చుకొనుటకు దమయంతి విధానమే శరణ్యము. ఎదుట కూర్చుండబెట్టి, ఇల్లు, కొలువు, బంధువులు విచారింపక ముందడుగు వేయరాదు. సాక్ష్యమడిగినందుకు కోపించువాడు హనుమంతుని వంటి దూత కాడని తెలియవలెను. మోసము జరిగినచో 1930 అను నంబరునకు వెంటనే ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతికి దక్కదు.

పూర్వపు పెండ్లిళ్ల పేరయ్య కొంత కోతలు కోసినను, అబద్ధము బయటపడిననాడు ఊరి రచ్చబండపై నిలువవలసినవాడు. యంత్రమునకు ఆ భయము లేదు. అది కులము, గోత్రము, నక్షత్రము, జీతము, ఎత్తు చెప్పినచో క్షణమున వడపోసి ఇచ్చును. ఓర్పును, దయను, అబద్ధమాడని నోటిని వడపోయుటకు దానియందు జల్లెడ లేదు.

ఇంటి పెద్దలు, ఇంటి పిల్లలు

ఇంత విన్న పిదప పెద్దలకు ఒక తలంపు కలుగవచ్చును. ఆడపిల్ల చేతి ఫోనును లాగికొన్నచో చిక్కులన్నియు తీరునుగదా యని. అది కుండ పగులునని నీరు మానుట వంటిది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తాము స్వయముగా వాడుకొను ఫోను కల స్త్రీలు నూటికి 54 మంది మాత్రమే. తక్కినవారు నేటికిని తలుపుచాటు కోడలి స్థితిలోనే యున్నట్లు. వయస్సు వచ్చిన ఇరువురు ఇష్టపడి వివాహమాడుటకు కుటుంబము యొక్కగాని, కులము యొక్కగాని అనుమతి అవసరము లేదని సుప్రీంకోర్టు 2018 మార్చిలో తీర్పు చెప్పినది. ఫోనును పగులగొట్టి కూతురి మనస్సును మార్చితినని తలచిన తండ్రి, తెల్లవారి ఖాళీ మంచమును చూచి విలపించిన కథలు తెలుగునాట అనేకము. పరువను పేర కత్తి యెత్తిన కథలును కలవు. వానిని తలచుకొన్న సభ తల వంచవలసినదే.

నిజమైన ఆపద ఫోనులో లేదు. ఫోనులో ఆపద కలిగిననాడు ఇంట చెప్పుకొనుటకు ఒక మనిషి లేకపోవుటలో ఉన్నది. యుద్ధకాండమున రావణుడు విద్యుజ్జిహ్వుడను మాయావిచేత రాముని శిరస్సును సృష్టింపజేసి సీతకు చూపెను. ఆ శిరస్సు రాముని ముఖమువలెనే యుండెను. సీత వంటి ధీరురాలు కూడ నమ్మి కూలిపోయినది. అప్పుడు ఆమెను రక్షించినది అస్త్రము కాదు. సరమ యను రాక్షసస్త్రీ ప్రక్కన చేరి, అది మాయ యని, రాముడు క్షేమముగా సేనతో వచ్చియున్నాడని చెప్పినది. నేడు యంత్రములు ఎవరి ముఖమునైనను, ఎవరి కంఠమునైనను కల్పింపగలవు. ఏ బాలిక ముఖమునైనను కల్పిత చిత్రమున అతికించి బెదరించు నీచులు కలరు. ఆ బాలిక అదియంతయు మాయ యని చెప్పు సరమ కొఱకు ఇంటిలో వెదకును. తల్లి 'నీవేమి చేసితివి' యని మొదట అడిగినచో, ఆమె నోరు మూతపడును. తల్లి 'భయపడకుము, నేనున్నాను' అని మొదట పలికినచో, ప్రాణము నిలుచును. ఈ రెండు వాక్యముల నడుమనున్న దూరమే నేటి అశోకవనము.

యువజనులకును ఒక మాట. సాధనము చేతికి వచ్చినంతమాత్రమున వలపు చేతికి రాదు. హంసవలె ఎదుటివారి నిశ్చయమును తెలిసికొని, కాదన్నచో కాదనియే గ్రహింపవలెను. కాదన్న పిదప వెంటాడుట వలపు కాదు. నలునివలె స్వార్థమును దాటి సత్యము చెప్పవలెను. హనుమంతునివలె సాక్ష్యము చూపుటకు సిద్ధపడవలెను. రుక్మిణివలె తన నిశ్చయమును తానే ధైర్యముగా తెలుపవలెను. బదులు ఆలస్యమైనప్పుడు యక్షునివలె ఓర్వవలెను. అతడు నాలుగు మాసములు మిగిలియుండగా మేఘమునకు మాట చెప్పి, తన విరహమును కావ్యముగా మార్చుకొనెనుగాని, యక్షిణిపై నేరము మోపలేదు. దూత యంత్రమైననాడు దూతగుణములు ప్రేమికులకే అబ్బవలెను. జమాఖర్చు వ్రాసి చూడగా తేలిన నిల్వ ఇదియే.

గ్రంథాలయము చేయదగినది

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము ఇకముందు మూడు పనులు చేయవచ్చును. మొదటిది, చదువు రాని స్త్రీలకు అక్షరముతోపాటు ఫోనును తామే తెఱచి, తామే మూసి, తామే తాళము వేసికొను విద్యను నేర్పుట. ఇతరులచే నంబరు నొక్కించుకొను ఇల్లాలు ఇతరులచే ఉత్తరము చదివించుకొను ఇల్లాలికి చెల్లెలే. రెండవది, 1930 మొదలగు సహాయపు నంబర్లను, పై చట్టముల సారమును తెలుగున పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు వ్రేలాడదీయుట. చూచువారు ఎవరని అడుగకుండుట. మూడవది, నెలకొకసారి తల్లిదండ్రులును పిల్లలును కలిసి కూర్చుండి నలోపాఖ్యానమో, సుందరకాండయో చదువుకొనుట. ఇంట నేరుగా అడుగలేని ప్రశ్నను దమయంతి పేర అడుగవచ్చును. నేరుగా చెప్పలేని బదులును సీత పేర చెప్పవచ్చును. కావ్యము కూడ ఒక దూతయే. రెండు తరముల నడుమ మాటను మోయునది అదియే.

తపాలా జవాను సంచి తేలికయైనది, తంతి ఆగిపోయినది, ఎస్‌టీడీ బూతుల అద్దములు పగిలినవి. రేపు ఈ చేతిఫోనును పాతసామానుల వానికి చేరును. ఎడబాసిన ఇరువురు మాత్రము ఉందురు. వారి నడుమ మోయవలసిన మాటయు ఉండును. ఆ మాట సత్యమై, మృదువై, తగిన వేళ తగినవారికి చేరుగాక! ఈ గ్రామమున ప్రతి యింటను వినుటకు ఒక సరమ ఉండుగాక! ఈ గ్రంథాలయము శతమానోత్సవమును చూచుగాక!

స్వస్తి.